నరం దొరికితే సరిపోదు

"నాకు నరం దొరకదు పాపా, ముందే చెప్తున్నా." చెయ్యి చాపకముందే చాలామంది నాతో అనే మొదటి మాట ఇదే. కర్నూలులో రక్తం తీసే పనిలో నాకిది పదకొండో ఏడు. పొద్దున అయిదున్నరకు ఐస్ బాక్సు స్కూటీకి కట్టుకుని బయలుదేరి వెంకటరమణ కాలనీ, కృష్ణానగర్, కల్లూరు, పాతబస్తీ, ఆ రోజు లిస్టులో ఏ వీధి ఉంటే ఆ వీధి తిరిగి శాంపిళ్ళు తెస్తా. పదకొండు నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లో కలెక్షన్ గది. ఐడీ కార్డు మీద ఫ్లెబాటమిస్ట్ అని ఉంటుంది కానీ ఆ పేరుతో ఇంతవరకు నన్నెవరూ పిలవలేదు. సిస్టర్ అంటారు, నర్సమ్మ అంటారు, ల్యాబ్ పాప అంటారు, పాతబస్తీలో పెద్దవాళ్ళు బేటీ అంటారు.

మా పిన్ని కూతురు ఈ ఏడు ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. మొన్న ఫోన్ చేసి "అక్కా, నీ పని నేర్చుకుంటే ఎట్లుంటుంది, సూది గుచ్చడమే కదా" అంది. తప్పుగా అనలేదు పాపం, చాలామంది అనుకునేదే అది. కానీ ఆ "కదా" దగ్గర నాకు చెప్పాల్సింది చాలా వచ్చేసింది, ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. దానికోసమే కాదు, ఈ పనిలోకి వద్దామనుకునే ఎవరికైనా.

ముందు నరం సంగతి. మనం ఇళ్ళల్లో నరం అనేది పుస్తకం ప్రకారం సిర. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళేది వేరే నరానికి. రెంటికీ మనకు ఒకటే మాట ఉండిపోయింది, మామూలుగా ఇబ్బంది లేదు, కానీ సూది లోపల ఉన్నప్పుడు పేషెంటు "నరానికి తగిలింది" అంటే ఆ క్షణంలో ఏ నరమో నాకు తెలియాలి. చురుక్కుమందంటే అది సూది నొప్పి. కరెంటు కొట్టినట్టు వేళ్ళదాకా జివ్వుమందంటే అది అసలు నరం, ఇంక ఆలోచించకుండా, సిర ఉబ్బడానికి మోచేతి పైన కట్టిన పట్టీ విప్పి సూది బయటికి తీసేయాలి. ఇంకొంచెం లోపలికి నెట్టి చూద్దాం అనుకోకూడదు. మోచేతి మడతలో మధ్యలో ఉండే సిర మొదటి ఎంపిక, అది కదలదు, నొప్పి తక్కువ. తర్వాత బొటనవేలి వైపుది. చిటికెనవేలి వైపు ఉండేది పైకి బాగా కనిపించి ఊరిస్తుంది, దాని పక్కనే ధమని, అసలు నరం ఉంటాయి కాబట్టి అది చిట్టచివరి దారి. కొత్తవాళ్ళు కంటికి కనిపించిందల్లా గుచ్చుతారు. ఈ పనిలో కన్ను కంటే వేలు ముఖ్యం. మంచి సిర వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది, నీళ్ళు నిండిన సన్నటి పైపులాగా. పైకి లేవకుండా తాడులాగా గట్టిగా ఉంటే అది కండరాన్ని ఎముకకు కట్టే టెండన్. కొట్టుకుంటుంటే ధమని. ఈ మూడింటి తేడా వేలికి తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

పోయిన చలికాలంలో కల్లూరులో ఒక అవ్వ దగ్గరికి వెళ్ళా. కోసిగి దగ్గర పల్లె ఆమెది, కొడుకు ఇంటికి వచ్చింది. ప్రతి ఏడూ సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస వెళ్ళేదట, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మానేసింది. చేతులు చూస్తే తెలిసిపోతుంది, అరచేయి చెప్పు అట్టలాగా గట్టిపడి, మోచేతి దగ్గర చర్మం మాత్రం పల్చగా ముడతలు. అంతకుముందు ఎక్కడో నాలుగు చోట్ల గుచ్చారని, నల్లగా కమిలిన మచ్చలు చూపించింది. సూది తీయలేదు నేను. ముందు నీళ్ళు తాగమన్నా. పరగడుపు అంటే నీళ్ళు కూడా తాగకూడదని అనుకుంటారు మనవాళ్ళు, ఆ అవ్వ కూడా రాత్రి నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు, అట్లాంటప్పుడు సిర ఎక్కడ ఉబ్బుతుంది? మామూలు నీళ్ళు తాగొచ్చు. రెండు గ్లాసులు తాగించి, చెయ్యి మంచం పక్కన కిందికి వేలాడదీసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టి పది నిమిషాలు కూర్చోబెట్టా. తర్వాత పట్టీ కట్టి కళ్ళు మూసుకుని వేలు పెట్టా. పైకి ఏమీ కనిపించడం లేదు, లోపల ఒకచోట మెత్తగా పైకి లేచింది. 23 గేజ్ బటర్‌ఫ్లై అనే సన్నటి సూదితో మొదటిసారికే వచ్చింది.

ట్యూబు నిండుతుంటే అవ్వ దాన్నే చూస్తూ, "ఇది నాదేనని అక్కడ మీకెట్ల తెలుస్తుందమ్మా? అందరిదీ ఎర్రగానే ఉంటుంది కదా" అని అడిగింది.

పదకొండేళ్ళలో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. నా పని మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. నరం దొరకడం అందులో సగం కూడా కాదు.

మన జిల్లాలో పేర్లు చూడండి. ఉరుకుంద ఈరన్న పేరు పెట్టుకున్నవాళ్ళు ఒక పొద్దున నా లిస్టులో ముగ్గురు ఉన్న రోజులున్నాయి. మద్దిలేటి స్వామి పేరు, మంత్రాలయం రాఘవేంద్రుడి పేరు, శ్రీశైలం మల్లన్న పేరు, ఇటు హుసేను, మాబు. దేవుడి పేరు పెట్టుకోవడం మన మర్యాద, కానీ ట్యూబు మీద ఒక్క పేరే రాస్తే అది ఎవరిదో దేవుడికే తెలియాలి. వయసు అడిగితే "అరవై రాసుకోమ్మా" అంటారు, పక్క మంచంలో ఆయన కూడా అరవయ్యే. అందుకే పేరుతో పాటు తండ్రి పేరో భర్త పేరో, ఫోన్ నంబరు, ల్యాబ్ ఇచ్చిన ఐడీ. కనీసం రెండు గుర్తులు సరిపోలాలి. అడిగే తీరు కూడా ముఖ్యం. "మీరు ఫలానానేనా?" అని అడిగితే చెవులు సరిగా వినపడని పెద్దాయన "ఆఁ" అంటాడు, ఏ పేరు చెప్పినా "ఆఁ" అంటాడు. "మీ పేరేంటి పెద్దాయనా?" అని ఆయన నోటితోనే చెప్పించాలి. లేబుల్ రాసేది రక్తం తీశాక, పేషెంటు పక్కన ఉండగానే. ముందే రాసి పెట్టుకోకూడదు, తర్వాత రాద్దామని జేబులో వేసుకోకూడదు.

నేను మొదట పనిచేసిన చోట ఇది కళ్ళారా చూశా. అప్పుడు నాతో పనిచేసే అతను ఒకే పేరున్న ఇద్దరి దగ్గర రక్తం తీసి రెండు ట్యూబులూ ఏప్రన్ జేబులో వేసుకున్నాడు, మధ్యలో ఎవరో పిలిచారు, తిరిగొచ్చి గుర్తున్నట్టే లేబుళ్ళు అంటించాడు. షుగర్ మూడొందలు దాటిన ఆయన చేతికి 98 అని కాగితం వెళ్ళింది. పాపం ఆయన సంతోషంగా ఇంటికి వెళ్ళి మాత్రలు ఆపేశాడు. నెల దాటాక కాలి పుండుతో వచ్చాడు. అప్పుడు తేదీలు వెతుక్కుంటే తేలింది. సూది గుచ్చడంలో అతను నాకంటే చాలా నేర్పరి, ఎవరికీ నొప్పి తెలియనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ మా చెల్లెలికి తెలియాల్సింది ఇదే.

చేరిన రెండో ఏడు, వానలు పడి డెంగీ జ్వరాలు ఊపందుకున్న రోజులు. తొమ్మిదేళ్ళ బాబుకి ప్లేట్‌లెట్లు చూడాలి. వాడు ఏడుస్తున్నాడు, ముగ్గురు పట్టుకున్నారు, సూది సిరలోకి వెళ్ళింది కానీ రక్తం చుక్క చుక్కగా వస్తోంది. నిండడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళ నాన్న నా మీద అరుస్తున్నాడు, అమ్మ ఏడుస్తోంది, నేను ఆ ట్యూబును స్టాండులో పెట్టేసి ఆమెను ఓదార్చడంలో పడ్డా. ఊదా రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఉంటుంది, ఈడీటీఏ అంటారు. రక్తం పడిన వెంటనే ట్యూబును నెమ్మదిగా ఎనిమిది, పది సార్లు తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టాలి, అప్పుడే ఆ మందు రక్తమంతటా కలుస్తుంది. నేను ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు, ఒకటి రెండుసార్లు తిప్పి ఉంటా. లేబుల్ అంటించేటప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చింది, ఇది బాగా కలవలేదేమో అని. మళ్ళీ ఆ పిల్లాడికి సూది గుచ్చాలంటే ఆ నాన్నను ఎదుర్కోవాలి. వదిలేశా.

మెషీన్ 38 వేలు చూపించింది. లక్షన్నర ఉండాల్సిన చోట 38 వేలు. స్లైడ్ మీద వేసి మైక్రోస్కోపులో చూడాల్సింది, ఆ రోజు రద్దీలో చూడలేదు. ఆ సాయంత్రమే వాళ్ళు బండి మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్ళిపోయారు, 200 కిలోమీటర్ల పైన, ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి ఇద్దరు మేనమామలను కూడా ఎక్కించుకుని. అక్కడ మళ్ళీ తీస్తే లక్షా 62 వేలు. మరుసటి రోజు పొద్దున మా సీనియర్ ఫ్రిజ్‌లోంచి ఆ ట్యూబు తీసి, సన్నటి పుల్ల లోపల ముంచి పైకి లాగి నాకు చూపించారు. పుల్ల కొసకు నల్లగా, ఆవగింజంత గడ్డ అంటుకుని ఉంది. అది గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లను తనలోకి లాగేసుకుంది, మెషీన్ విడిగా తేలుతున్నవాటినే లెక్కపెట్టింది. ఆయన నన్నేమీ అనలేదు. పుల్లను పారేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ ఆవగింజంత గడ్డ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఆ కుటుంబం ఆ రాత్రి దారంతా ఎట్లా కూర్చుని ఉంటారో అనుకుంటే మనసు తరుక్కుపోతుంది. అప్పటి నుంచి అనుమానం ఉన్న ట్యూబు ఒక్కటి కూడా నా చేతుల మీదుగా మెషీన్ దాకా పోనివ్వలేదు. "అమ్మా, ఇది నా వల్ల సరిగా రాలేదు, రేపు చెప్పడం కంటే ఇప్పుడే చెప్తున్నా, ఇంకోసారి తీయాలి" అని మొహం మీదే చెప్తా. తిడతారు. ఒకాయన నా బ్యాగు గేటు బయట పెట్టేశాడు. ఇంకొకావిడ మా ల్యాబ్‌కు ఫోన్ చేసి వేరేవాళ్ళను పంపమంది. పడాల్సిందే. రిపోర్టు తప్పొస్తే అందరూ మెషీన్ను అనుమానిస్తారు, డాక్టరును అనుమానిస్తారు, కానీ ల్యాబ్ తప్పుల్లో సగానికి పైగా మెషీన్ దాకా రాకముందే జరుగుతాయి, అంటే మా చేతుల్లో. ఈ ఉద్యోగానికి ఏం కావాలి అని అడిగితే నేను మొదట చెప్పేది సన్నటి వేళ్ళు కాదు, బెదరని చెయ్యి కాదు. నింపిన ట్యూబును పారేసి మళ్ళీ చెయ్యి చాపమని అడిగే ధైర్యం.

మిగతావి నేర్చుకుంటే వస్తాయి. అవి చిన్నవని కాదు. మూతల రంగుల వరస ఒకటుంది. ముందు లేత నీలం, తర్వాత ఎరుపో పసుపో, తర్వాత ఆకుపచ్చ, తర్వాత ఊదా, చివర బూడిద. ఊరికే పెట్టిన వరస కాదు. ఊదా ట్యూబులో ఉండే ఈడీటీఏ పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది. దాన్ని ముందు నింపి తర్వాత ఎర్ర మూత ట్యూబు పెడితే, సూది కొసకు అంటిన కొంచెం చాలు, పొటాషియం లేనిపోని ఎత్తుకు పోతుంది, కాల్షియం పడిపోతుంది. ఆ కాగితం చూసిన డాక్టరు గుండె లయ తప్పుతుందేమోనని పరుగెత్తాలి. నీలం ట్యూబులో గీత దాకా రక్తం పడాల్సిందే, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ లెక్క, అది కూడా గడ్డకట్టకుండా ఆపే మందే. సగం నింపి ఇస్తే రక్తం గడ్డకట్టడానికి ఉన్నదానికంటే ఎక్కువసేపు పట్టినట్టు వస్తుంది. గుండె వాల్వు మార్చుకుని పీటీ ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష, చేయించుకునేవాళ్ళకు రక్తం పల్చబడే మాత్ర డోసు ఆ నంబరు చూసే మారుస్తారు. అరమిల్లీ తక్కువైతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు.

పట్టీ ఒక్క నిమిషం దాటి ఉంచకూడదు. పిడికిలి బిగించి పట్టుకోమంటే చాలు, మనవాళ్ళు అలవాటుగా మూసి తెరిచి మూసి తెరిచి పంపు కొట్టినట్టు కొడతారు, దానికి కూడా పొటాషియం పెరుగుతుంది, ఆపమని చెప్పాలి. స్పిరిట్ దూదితో తుడిచాక ఆరేదాకా అరనిమిషం ఆగాలి. తడి మీద గుచ్చితే మంట, శాంపిల్ కూడా పాడవుతుంది. మళ్ళీ తడిమి చూద్దామని అదే చోట వేలు పెట్టకూడదు. సిరంజితో తీసినప్పుడు ట్యూబులోకి బలంగా నెట్టకూడదు, ఎర్రకణాలు పగిలి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, గులాబీ రంగులోకి తిరుగుతుంది. రెండుసార్లు గుచ్చినా రాకపోతే మూడోసారి నేను గుచ్చను, ఇంకొకరిని పిలుస్తా. డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకు ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలుపుతారు, ఫిస్టులా అంటారు, అది ఉన్న చేతి జోలికి వెళ్ళను. ఆ చేతి మీద వేలు పెడితే లోపల జుమ్మని ఏదో తిరుగుతున్నట్టు ఉంటుంది, వాళ్ళ ప్రాణం ఆ చేతిలో ఉంది. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకు ఆ వైపు చెయ్యి వద్దు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే రక్తంలో సెలైన్ కలిసి వస్తుంది, రెండో చెయ్యి అడగాలి.

తీశాక మోచెయ్యి మడవకండి, ఇది పేషెంట్లకు నా మనవి. చాచి ఉంచి దూది మీద రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమితే చాలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు ఇంకాసేపు. మడిస్తే లోపల రక్తం కారి కమిలిపోతుంది. ఇంకో మాట, "ఇంత రక్తం లాగేస్తున్నారు" అని భయపడేవాళ్ళకు. నాలుగు ట్యూబులు కలిపితే మూడు టీస్పూన్లు ఉంటుందేమో, ఒంట్లో సుమారు 5 లీటర్లు ఉంది. ఇది నేను రోజుకు ఇరవైసార్లు చెప్తా, విసుగు లేకుండానే చెప్తా, ఎందుకంటే అడిగే మనిషికి అది మొదటిసారే.

కళ్ళు తిరిగి పడిపోయేది ఎక్కువగా ఎవరో తెలుసా, నా అనుభవంలో దిట్టంగా ఉండే కుర్రాళ్ళు. పోలీసు సెలెక్షన్ల కోసం స్టేడియంలో రోజూ పరుగెత్తే అబ్బాయి ఒకడు సూది చూసి తెల్లగా పాలిపోయి కుర్చీలోంచి జారిపోయాడు. ముందే అడగాలి, ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా అని. అయిందంటే పడుకోబెట్టే తీయాలి. పడిపోతే ముందు సూది తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి. సిగ్గుపడుతుంటారు వాళ్ళు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వాలి.

మన ఊరి ఎండ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది గంటలకే సెగ మొదలవుతుంది. రక్తం ట్యూబులో ఉన్నా లోపలి కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున తగ్గుతుంది, వేడికి ఇంకా ఎక్కువ. షుగరుకు బూడిద రంగు ట్యూబు వాడేది అందుకే, అందులో ఆ తినడాన్ని ఆపే ఫ్లోరైడు ఉంటుంది. అది కూడా పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది, కాబట్టి ఐస్ బాక్సు, తొందరగా ల్యాబ్‌కు చేర్చడం, రెండూ కావాలి. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో మామూలు ట్యూబులో తీసి బస్సులో పంపిన శాంపిల్లో షుగర్ బాగానే ఉందని వచ్చిందంటే నాకు నమ్మకం కుదరదు.

రంజాన్ నెలలో పాతబస్తీ ఇళ్ళకు టైము మార్చుకుంటా. తెల్లవారక ముందే సహరీ తింటారు, నాలుగున్నరకు తిన్నవాళ్ళకు ఎనిమిది గంటలు గడవాలంటే మధ్యాహ్నం పన్నెండున్నర అవుతుంది, అప్పుడు వెళ్తేనే అది పరగడుపు షుగర్. పొద్దున ఆరింటికి వెళ్ళి తీస్తే తిన్నాక తీసినట్టే. మామూలు రోజుల్లో ఇంకో తంటా, "ఏమీ తినలేదు తల్లీ, ఉత్త టీ తాగినా అంతే" అంటారు. టీలో చక్కెర, పాలు ఉన్నాయి కదా పెద్దమ్మా అంటే బాధపడిపోతారు. కోప్పడకూడదు. రేపు వస్తానని చెప్పి వెనక్కి తిరగాలి, పెట్రోలు నాదే అయినా సరే. ఉగ్గాని వాసన వస్తున్న ఇంట్లో "తినలేదు" అన్నా సరే ఇంకోసారి నెమ్మదిగా అడగాలి.

భయం గురించి కూడా రాయాలి. మూడో ఏడు నాకు సూది గుచ్చుకుంది. వాడిన సూదికి మూత పెట్టబోయా, చెయ్యకూడని పని అది, ఎడమచేతి చూపుడు వేలిలో దిగింది. నొక్కి రక్తం పిండొద్దని, సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద కడగాలని, వెంటనే చెప్పాలని అన్నీ తెలుసు. కడిగా. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, అమ్మకు తెలిస్తే ఏమవుతుందో అని. సాయంత్రం దాకా ఆ వేలు ముడుచుకుని పనిచేశా. చివరికి మా సీనియర్‌కు చెప్తే ఆయన అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. వాడా. వికారం, నీరసం, రాత్రుళ్ళు నిద్ర లేదు. పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాయి.

లెక్క ప్రకారం వ్యాధి ఉన్నవాళ్ళ సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ వచ్చే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్ బీ మాత్రం టీకా లేనివాళ్ళకు నూటికి 30 దాకా ఉంటుంది. జనం హెచ్ఐవీ అంటే వణుకుతారు, అసలు ముందు వణకాల్సింది దీనికి, అదృష్టం ఏంటంటే దీనికి టీకా ఉంది. మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. చెల్లీ, కోర్సులో చేరిన వారమే వేయించుకో, కాలేజీ వేయిస్తుందిలే అని కూర్చోకు. వాడిన సూదికి మూత పెట్టకు, నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వెయ్యి. ట్యూబులు, గ్లవ్స్ ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో. ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆ డబ్బా నాతోనే ఉంటుంది, ఒక్క సూది కూడా వాళ్ళింటి చెత్తబుట్టలో పడనివ్వను. తెల్లారితే ఆ చెత్తను చేత్తో ఏరేది మునిసిపాలిటీలో పనిచేసే అక్కలే.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తా. ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, రెండేళ్ళు. ఇంకొంచెం ఓపిక, డబ్బు ఉంటే అదే చదువులో డిగ్రీ, బీఎస్సీ ఎంఎల్‌టీ మేలు, ముందు ముందు ల్యాబ్‌లో మెషీన్ల మీదికి, సూపర్‌వైజర్ దాకా పోవచ్చు. రక్తం తీయడం ఒక్కటే నేర్పే నెలల కోర్సులు కూడా ఉన్నాయి, వాటిలో చేరేముందు పెద్ద ఆసుపత్రిలో చేతులమీద ప్రాక్టీసు ఎన్ని రోజులు ఇస్తారో అడుగు, ఇవ్వం అని చెప్తే చేరకు. మన దగ్గర చిన్న ల్యాబుల్లో రక్తం తీసేదీ పరీక్ష చేసేదీ ఒకరే, ఫ్లెబాటమిస్ట్ అని విడిగా తీసుకునేది పెద్ద ల్యాబులు, కార్పొరేట్ ఆసుపత్రులు. జీతం గొప్పగా ఉండదు. నేను 7,000తో మొదలుపెట్టా. ఇప్పుడు ఇల్లు గడుస్తుంది. చేసే పనికి ఆ డబ్బు తక్కువ, ఈ మాట నేను గట్టిగానే అంటా, ఎందుకంటే అలసిపోయిన చెయ్యే లేబుల్ తప్పు రాస్తుంది. పొద్దున అయిదున్నర నుంచి నిలబడి ఉన్న మనిషి అరవయ్యో శాంపిల్ కూడా మొదటిదాని అంత జాగ్రత్తగా తీయాలంటే ఆ మనిషికి మధ్యలో కూర్చోవడానికి కుర్చీ, తినడానికి అరగంట ఉండాలి.

ఆ అవ్వ ప్రశ్నకు నేనేం చెప్పానో రాయలేదు కదూ. ట్యూబు మీద పేరు, కొడుకు ఫోన్ నంబరు, టైము రాసి, ఆమె చదువుకోలేదు కాబట్టి మనవరాలిని పిలిచి పైకి చదివించా. ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. అవ్వ తన పేరు విని "ఆ, నాదే" అంది. అప్పుడు బాక్సులో పెట్టా.

నిన్న ఆదివారం మా చెల్లెలు ఇంటికి వచ్చింది. పేషెంట్ల ఇళ్ళకు తీసుకుపోలేను కాబట్టి నా చెయ్యే ఇచ్చా. సూది లేదు, పట్టీ మాత్రమే. కట్టడం రాక రెండుసార్లు జారింది, మూడోసారి గోరు గుచ్చుకుంది. గోర్లు కత్తిరించుకో అన్నా. మోచేతి మడతలో నీలంగా కనిపించేదాని మీద వేలు పెట్టి "ఇదేగా అక్కా" అంది. నొక్కి చూడు, పైకి లేస్తుందా అన్నా. లేవలేదు. పక్కన గట్టిగా ఒకటి తగిలితే "ఇదా?" అంది. అది టెండన్, తాడులాగా లేదూ, అన్నా. నిమిషం అయిపోయింది, పట్టీ విప్పేసి కాసేపాగి మళ్ళీ కట్టుకో అన్నా. రెండోసారి కళ్ళు మూసుకుని వెతికింది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వేలు ఒకచోట ఆగింది, కొంచెం నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూసి, "అక్కా, ఇక్కడ మెత్తగా ఏదో లేస్తోంది" అంది.